బొగ్గుగని నుంచి లిస్బన్ దాకా: ఆట ఆగిన చోట మొదలైన జాక్ స్టీన్ చరిత్ర

1967 మే 25న పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో యూరోపియన్ కప్ ఫుట్‌బాల్ ఫైనల్ జరిగింది. ఒకవైపు ఇటలీకి చెందిన ఇంటర్ మిలాన్. 1964లోనూ, 1965లోనూ ఆ కప్పు గెలిచిన జట్టు, పేరూ డబ్బూ ఉన్న జట్టు. రెండోవైపు స్కాట్లాండ్‌లోని గ్లాస్గో నగరం నుంచి వచ్చిన సెల్టిక్. ఆ రోజు సెల్టిక్ తరఫున మైదానంలోకి దిగిన 11 మందీ తమ క్లబ్బు మైదానానికి 30 మైళ్ల లోపు పుట్టినవాళ్లే. 30 మైళ్లంటే సుమారు 48 కిలోమీటర్లు. మన లెక్కలో చెప్పాలంటే భద్రాచలం నుంచి కొత్తగూడేనికి ఉన్న దూరం కంటే కాస్త ఎక్కువ. అంత చిన్న పరిధిలో పుట్టిన పిల్లలు ఒక ఖండం మొత్తాన్ని గెలిచారు. అప్పటిదాకా ఆ కప్పు స్పెయిన్, పోర్చుగల్, ఇటలీ దేశాలు దాటి బయటికి పోలేదు. బ్రిటన్‌కు రావడం అదే మొదలు.

ఆ జట్టును తయారుచేసిన మనిషి పేరు జాక్ స్టీన్. గని కార్మికుడి కొడుకు, తానూ గని కార్మికుడు. ఆటగాడిగా ఆయనది గొప్ప పేరేమీ కాదు. కాలి మడమ దెబ్బతిని ఆట ఆగిపోయాకే ఆయన అసలు పని మొదలైంది.

హాస్టల్లో ప్రతి ఏడాదీ ఒక మాట వింటుంటాను. "మేడమ్, సెలెక్షన్స్‌లో నా పేరు రాలేదు. ఇంక ఆట వదిలేస్తాను." జిల్లా స్థాయిలో ఆడి, రాష్ట్ర జట్టులో చోటు దొరకని పిల్లలు ఆ ఒక్క రోజుతో బంతిని పక్కన పెట్టేస్తారు. కొందరు దానితోపాటు చదువునూ పక్కన పెడతారు. వాళ్లకోసమే ఈ చరిత్ర రాస్తున్నాను. ఆటలో ఆడేవాడి స్థానం ఒక్కటే ఉండదు. ఆటను చదివేవాడికి, నేర్పేవాడికి, జట్టును కూర్చేవాడికి కూడా అందులో స్థానం ఉంది. ఆ స్థానం ఎంత పెద్దదో స్టీన్ జీవితం చూపిస్తుంది.

బొగ్గు ఊళ్ల పిల్లవాడు

స్టీన్ 1922 అక్టోబర్ 5న స్కాట్లాండ్‌లోని లానార్క్‌షైర్ ప్రాంతంలో, హామిల్టన్ పట్టణం పక్కనున్న బర్న్‌బ్యాంక్‌లో పుట్టారు. అసలు పేరు జాన్. జాక్ అన్నది పిలుపు పేరు. మనకు కొత్తగూడెం, ఇల్లందు, మణుగూరు వైపు సింగరేణి ఎలాగో, లానార్క్‌షైర్‌కు బొగ్గు అలాగే. ఇంట్లో మగవాళ్లు గనిలోకి దిగడం, మగపిల్లలు పెరిగి వాళ్ల వెనకే దిగడం అక్కడి రివాజు.

స్టీన్ 1937లో బడి మానేశారు. కొద్దికాలం తివాచీల ఫ్యాక్టరీలో పనిచేసి, తర్వాత గనిలో చేరారు. 1950 దాకా గనే ఆయన బతుకు. రెండో ప్రపంచయుద్ధం నడుస్తున్న రోజుల్లో బొగ్గు తవ్వడం దేశానికి అత్యవసరమైన పని కాబట్టి గని కార్మికులను సైన్యంలోకి పంపకుండా ఉంచేశారు. అలా ఆయన గనిలోనే ఉండిపోయారు.

భూమి లోపల చీకట్లో పనిచేసేవాడికి ఒక సంగతి ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. పక్కవాడు తన పని సరిగ్గా చేస్తేనే నువ్వు సాయంత్రం ఇంటికి వెళ్తావు. పైకప్పుకు దన్నుగా పెట్టే దిమ్మె ఒకడు సరిగ్గా నిలబెట్టకపోతే పోయేది వాడి ప్రాణం ఒక్కటే కాదు. ఈ పాఠం స్టీన్ తయారుచేసిన జట్ల ఆటలో కనిపిస్తుంది. తాము వచ్చిన చోటును ఆయన మరవలేదు. 1984-85లో బ్రిటన్ గని కార్మికులు పెద్ద సమ్మె చేసినప్పుడు, అప్పటికి ఎంతో పేరున్న మనిషి అయి ఉండి కూడా, ఆయన వాళ్ల పక్షానే నిలిచారు.

బ్రిటిష్ ఫుట్‌బాల్‌లో చరిత్ర సృష్టించిన మరో ఇద్దరు మేనేజర్లదీ ఇదే నేల. మాంచెస్టర్ యునైటెడ్‌ను నిలబెట్టిన మాట్ బస్బీ లానార్క్‌షైర్ గని ఊరివాడు. లివర్‌పూల్‌ను నిలబెట్టిన బిల్ షాంక్లీ పక్కనున్న ఎయిర్‌షైర్‌లోని గ్లెన్‌బక్ అనే పల్లెవాడు. చాలా చిన్న ఊరు గ్లెన్‌బక్. అక్కడి నుంచి దాదాపు 50 మంది ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ ఆటగాళ్లు వచ్చారని చెబుతారు. గనులు మూతపడ్డాక ఆ ఊరు ఖాళీ అయింది. తర్వాత ఓపెన్‌కాస్ట్ తవ్వకాలు మిగిలిన ఆనవాళ్లను కూడా మింగేశాయి. ఊరు పోతే ఏం పోతుందో మనకు వేరే చెప్పనక్కర్లేదు. అయితే ఆ ఊరి పేరు ఈ రోజుకీ బతికి ఉందంటే, ఆ ఊరి పిల్లలు ఆడిన ఆట వల్లనే.

అన్నం పెట్టడానికి పుట్టిన క్లబ్బు

సెల్టిక్ పుట్టుక కూడా మనం తెలుసుకోవలసినదే. 19వ శతాబ్దంలో ఐర్లాండ్‌లో తిండి లేక వేలాది కుటుంబాలు గ్లాస్గోకు వలస వచ్చాయి. నగరం తూర్పు భాగంలో ఇరుకు ఇళ్లలో, తక్కువ కూలికి బతికేవి. వాళ్లు కేథలిక్కులు. చుట్టూ ఉన్నవాళ్లలో ఎక్కువమంది ప్రొటెస్టెంట్లు. మతం వేరు, యాస వేరు, పేదరికం అదనం. అందుకే వాళ్లంటే చిన్నచూపు.

ఆ పేటలో వాల్‌ఫ్రిడ్ అనే మత సోదరుడు బడి నడిపేవారు. ఆయన కూడా ఐర్లాండ్ నుంచి వచ్చినవాడే. ఆకలితో ఉన్న పిల్లలకు పాఠం ఎక్కదని ఏ ఉపాధ్యాయుడికైనా తెలుసు. పేద పిల్లలకు భోజనం పెట్టే ఏర్పాటు ఒకటి ఆయన నడుపుతూ ఉండేవారు. దానికి డబ్బు కావాలి. ఫుట్‌బాల్ ఆడిస్తే జనం టికెట్టు కొని చూస్తారు, ఆ డబ్బుతో పిల్లలకు అన్నం పెట్టవచ్చు అనే ఆలోచనతో 1887 నవంబర్‌లో ఒక చర్చి హాల్లో సమావేశమై సెల్టిక్‌ను స్థాపించారు. 1888 మే నెలలో తొలి మ్యాచ్ ఆడారు.

మన దేశానికీ సెల్టిక్‌కూ ఒక చిన్న ముడి ఉంది. 1936లో కలకత్తా మహమ్మడన్ స్పోర్టింగ్ ఆటగాడు మహమ్మద్ సలీం గ్లాస్గో వెళ్లి, బూట్లు లేకుండా పాదాలకు గుడ్డపట్టీలు చుట్టుకుని సెల్టిక్ రెండో జట్టు తరఫున ఆడారు. గాల్‌స్టన్ మీద ఆడిన మ్యాచ్‌లో సెల్టిక్ 7-1తో గెలిచింది. అక్కడి జనం ఆయన ఆటకు మురిసిపోయారు. ఇంటి మీద బెంగతో ఆయన తిరిగి వచ్చేశారు.

ఆటగాడిగా: పెద్దగా ఎవరికీ తెలియని పేరు

స్టీన్ 1942లో కోట్‌బ్రిడ్జ్ ఊరి జట్టు ఆల్బియన్ రోవర్స్‌లో చేరారు. వారమంతా గనిలో పని, శనివారం మ్యాచ్. జట్టు చిన్నది. ఆయన ఆడేది సెంటర్ హాఫ్, అంటే రక్షణ వరుస మధ్యలో. ఎనిమిదేళ్లు ఆ జట్టులోనే గడిచాయి. 1950లో వేల్స్‌లోని లానెల్లి జట్టు పిలిస్తే అక్కడికి వెళ్లారు. గని పని మానేసి పూర్తిగా ఆట మీదే బతకడం ఆయనకు అదే మొదలు. వయసు దాదాపు 28. అది కూడా పెద్ద లీగ్‌లో ఆడే జట్టు కాదు. ఆయన ఫుట్‌బాల్ జీవితం అక్కడితో ముగిసినట్టేనని ఎవరైనా అనుకునేవారు.

1951 డిసెంబర్‌లో సెల్టిక్ నుంచి పిలుపు వచ్చింది. పిలిచింది మొదటి జట్టుకు కాదు. రెండో జట్టులో ఉంటూ కుర్రాళ్లకు నాలుగు మాటలు చెప్పే పెద్దమనిషిగా పనికొస్తాడని, 1,200 పౌండ్లు ఇచ్చి తీసుకున్నారు. తీరా చూస్తే మొదటి జట్టులో రక్షణ ఆటగాళ్లకు వరుసగా గాయాలయ్యాయి. స్టీన్‌ను ఆడించక తప్పలేదు. ఒకసారి లోపలికి వచ్చాక ఆయన బయటికి పోలేదు. కెప్టెన్ షాన్ ఫాలన్ చెయ్యి విరిగినప్పుడు కెప్టెన్సీ స్టీన్‌కు వచ్చింది. 1953లో కారొనేషన్ కప్‌లో సెల్టిక్ అర్సెనల్‌ను, మాంచెస్టర్ యునైటెడ్‌ను, ఫైనల్లో హిబర్నియన్‌ను ఓడించింది. 1954లో లీగ్, స్కాటిష్ కప్ రెండూ ఒకే ఏడాది గెలిచింది. 40 ఏళ్ల తర్వాత సెల్టిక్‌కు దక్కిన జోడు విజయం అది.

అదే ఏడాది క్లబ్బు తన ఆటగాళ్లను స్విట్జర్లాండ్‌లో జరిగిన ప్రపంచకప్ చూడడానికి తీసుకెళ్లింది. అక్కడ స్కాట్లాండ్ 7-0తో ఉరుగ్వే చేతిలో ఓడింది. హంగరీ ఆటగాళ్లు స్థానాలు మార్చుకుంటూ, ఖాళీల్లోకి పరుగెత్తుతూ కొత్తగా ఆడారు. చూసివచ్చిన ఆటగాళ్లు చాలామంది ఉన్నారు. చూసినదాన్ని తలలో పెట్టుకుని పదేళ్లు నలిపినవాడు స్టీన్.

మడమ విరిగాక

1955లో ఆయన కాలి మడమకు గట్టి దెబ్బ తగిలింది. తర్వాత ఆ మడమ సరిగ్గా వంగలేదు. కాస్త కుంటుతూ నడవడం జీవితాంతం ఉండిపోయింది. 1957లో ఆట మానేస్తున్నట్టు ప్రకటించారు. అప్పటికి వయసు 34. చదువు బడితోనే ఆగిపోయింది. చేతిలో వేరే పని లేదు. మళ్లీ గనికి వెళ్లాలన్నా కాలు సహకరించదు.

సెల్టిక్ ఆయనకు రెండో జట్టు కుర్రాళ్ల శిక్షణ అప్పగించింది. ఆ రోజుల్లో బ్రిటన్‌లో శిక్షణ అంటే మైదానం చుట్టూ పరుగులు పెట్టించడమే. వారం రోజులు బంతికి దూరంగా ఉంచితే శనివారం నాడు బంతి మీద ఆకలి పుడుతుందని చాలామంది నమ్మేవారు. స్టీన్ తన కుర్రాళ్ల చేతికి బంతి ఇచ్చారు. ప్రతి కసరత్తూ బంతితోనే చేయించారు. ఆడాక ఎందుకలా ఆడావో చెప్పమని అడిగేవారు. ఆ కుర్రాళ్లలో బిల్లీ మెక్‌నీల్, జాన్ క్లార్క్ ఉన్నారు. ఈ పేర్లు గుర్తుంచుకోండి, లిస్బన్‌లో మళ్లీ వస్తాయి.

ఇక్కడ మేనేజర్ అనే మాట గురించి ఒక వివరణ. బ్రిటిష్ ఫుట్‌బాల్‌లో మేనేజర్ అంటే ఆఫీసులో కూర్చునే అధికారి కాదు. జట్టును ఎంపిక చేయడం, ఎవరు ఎక్కడ ఆడాలో నిర్ణయించడం, ఎవరిని కొనాలో ఎవరిని పంపాలో చెప్పడం, గెలుపు ఓటములకు జవాబు చెప్పడం, అన్నీ ఆయన పనే.

1960 మార్చిలో డన్‌ఫర్మ్‌లైన్ అనే చిన్న క్లబ్బు స్టీన్‌ను మేనేజర్‌గా పిలిచింది. పాయింట్ల పట్టికలో అడుగు భాగంలో ఉండి, కింది డివిజన్‌కు పడిపోబోతున్న జట్టు. స్టీన్ వచ్చాక వరుసగా ఆరు మ్యాచ్‌లు గెలిచి గట్టెక్కింది. మరుసటి ఏడాది, 1961లో, స్కాటిష్ కప్ ఫైనల్లో తన పాత క్లబ్బు సెల్టిక్‌నే 2-0తో ఓడించి ఆ కప్పు తెచ్చింది. అది కూడా మొదటి మ్యాచ్ డ్రా అయ్యాక రెండోసారి ఆడి.

1963లో స్టీన్ చేసిన ఒక పని యువకులు ప్రత్యేకంగా గమనించాలి. ఆయన మిలాన్ వెళ్లి, ఇంటర్ మిలాన్ మేనేజర్ హెలెనియో హెరేరా తన జట్టుకు ఎలా శిక్షణ ఇస్తున్నాడో దగ్గరుండి చూశారు. యూరప్‌లో అప్పుడు హెరేరా అంటే పెద్ద పేరు. గోల్ పడనివ్వకుండా గోడ కట్టి, ఒక్క గోల్ కొట్టి గెలిచే పద్ధతి ఆయనది. కప్పు గెలిచిన చిన్న క్లబ్బు మేనేజర్‌గా ఇంట్లో కూర్చుని సన్మానాలు చేయించుకోవచ్చు. స్టీన్ మాత్రం విద్యార్థిలా వెళ్లి నేర్చుకొచ్చారు. నాలుగేళ్ల తర్వాత లిస్బన్‌లో ఎదురుగా నిలబడింది ఆ హెరేరాయే.

1964లో హిబర్నియన్‌కు మేనేజర్ అయ్యారు. ఆ అక్టోబర్‌లో రియల్ మాడ్రిడ్‌తో ఆడిన స్నేహపూర్వక మ్యాచ్‌ను ఆయన జట్టు 2-0తో గెలిచింది.

అదే జట్టు, అదే మనుషులు

1965 మార్చిలో స్టీన్ మేనేజర్‌గా సెల్టిక్‌కు తిరిగి వచ్చారు. అప్పటికి ఆ క్లబ్బు లీగ్ గెలిచి 11 ఏళ్లయింది. ఆ 1954 గెలుపు కూడా స్టీన్ కెప్టెన్‌గా ఉన్నప్పటిదే. ఆ సీజన్లో పట్టికలో ఎనిమిదో స్థానంలో ముగిసింది.

ఆయన వచ్చిన ఆరు వారాలకే ఏప్రిల్ 24న స్కాటిష్ కప్ ఫైనల్. ఎదుటి జట్టు, ఆయన పైకి తెచ్చిన డన్‌ఫర్మ్‌లైన్. చివర్లో మెక్‌నీల్ తలతో కొట్టిన గోల్‌తో సెల్టిక్ 3-2తో గెలిచింది. తర్వాతి ఏడాది లీగ్ కూడా గెలిచింది. అక్కడి నుంచి 1974 దాకా వరుసగా తొమ్మిదిసార్లు లీగ్ విజేత సెల్టిక్కే.

ఈ మార్పు ఎలా వచ్చింది? డబ్బు కుమ్మరించి కొత్తవాళ్లను కొన్నారా? ఇక్కడే అసలు విషయం ఉంది. 1967లో గెలిచిన జట్టులో ఎక్కువమంది స్టీన్ రాకముందే ఆ క్లబ్బులో ఉన్నారు. ప్రతిభ ముందే ఉంది. దాన్ని చూసి, సరైన చోట నిలబెట్టే కన్ను లేదు.

బాబీ మర్డాక్ ముందు వరుసలో ఆడుతూ ఉండేవాడు. అతని దూరపు పాస్‌లు చూసి స్టీన్ అతన్ని మధ్య వరుసకు మార్చారు. అక్కడి నుంచి ఆట మొత్తాన్ని నడిపేవాడయ్యాడు. రోనీ సింప్సన్ అనే గోల్‌కీపర్ పని అయిపోయిందని అందరూ అనుకున్నారు. హిబర్నియన్‌లో ఉన్నప్పుడు అతన్ని సెల్టిక్‌కు అమ్మింది స్టీనే. సెల్టిక్‌కు వచ్చి చూస్తే అతనే ఎదురయ్యాడు. పాత అభిప్రాయాన్ని పట్టుకుని కూర్చోకుండా, ఆట చూసి చోటిచ్చారు. లిస్బన్‌లో సింప్సన్ వయసు 36. కుడివైపు రక్షణలో ఆడిన జిమ్ క్రెయిగ్ దంతవైద్యం చదివినవాడు. చదువు, ఆట ఒకే మనిషిలో ఉండవనేవాళ్లకు అతనే జవాబు.

ఇక జిమ్మీ జాన్‌స్టన్. పొట్టివాడు, ఎర్రజుట్టు, బంతి కాలికి అతుక్కున్నట్టు ఆడేవాడు, మాట వినని అల్లరివాడు. విమానం ఎక్కాలంటే ప్రాణభయం. 1968 నవంబర్‌లో యుగోస్లావియా జట్టు రెడ్ స్టార్ బెల్‌గ్రేడ్‌తో గ్లాస్గోలో మ్యాచ్. సగం ఆటకు స్కోరు 1-1. నాలుగు గోల్స్ తేడాతో గెలిస్తే తిరుగు మ్యాచ్‌కు బెల్‌గ్రేడ్ రానక్కర్లేదని స్టీన్ అతనికి మాట ఇచ్చారు. రెండో సగంలో జాన్‌స్టన్‌ను పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు. సెల్టిక్ 5-1తో గెలిచింది. మాట ప్రకారం జాన్‌స్టన్ ఇంట్లోనే ఉండిపోయాడు. అందరినీ ఒకే గాటన కట్టేయకుండా ఏ పిల్లవాడికి ఏ భయం ఉందో తెలుసుకోవడం కూడా శిక్షణలో భాగమేనని చెప్పే ఉదాహరణ ఇది.

ఇలాంటి కన్ను ఉన్న మనిషి అదే కాలంలో మన దగ్గరా ఉన్నారు. హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన ఉపాధ్యాయుడు. ఆయన శిక్షణలో భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం సాధించింది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది. జకార్తాలో రక్షణ ఆటగాడు జర్నైల్ సింగ్‌ను ముందు వరుసలో ఆడించారు. ఫైనల్లో దక్షిణ కొరియా మీద 2-1తో గెలిచినప్పుడు ఒక గోల్ ఆయనదే. స్టీన్, రహీం ఒకరినొకరు కలిశారని కాదు, ఇద్దరిదీ ఒకే విద్య. ఉన్న మనుషుల్లో లేనిదాన్ని వెతకకుండా, ఉన్నదాన్ని చూడడం.

లిస్బన్‌లో ఆ సాయంత్రం

1966-67 సీజన్లో సెల్టిక్ అడుగుపెట్టిన పోటీలన్నీ గెలిచింది. లీగ్, స్కాటిష్ కప్, లీగ్ కప్, గ్లాస్గో కప్, చివరగా యూరోపియన్ కప్. ఫైనల్ దాకా వచ్చే దారిలో జ్యూరిక్, నాంట్, వోజ్‌వోదినా, డుక్లా ప్రాగ్ జట్లను దాటింది. వోజ్‌వోదినా మీద ఆఖరి నిమిషంలో మెక్‌నీల్ కొట్టిన గోల్ లేకపోతే ఈ చరిత్రే లేదు.

ఫైనల్ రోజు రెండు జట్లూ మైదానంలోకి వెళ్లడానికి పక్కపక్కన నిలబడ్డాయి. ఇంటర్ ఆటగాళ్లు ఎండకు నిగనిగలాడుతూ సినిమా హీరోల్లా ఉన్నారు. సెల్టిక్ వాళ్లలో కొందరికి ముందరి పళ్లు లేవు. ఫొటోల్లో బాగుండాలని, పెట్టుడు పళ్లను గోల్‌కీపర్ సింప్సన్ టోపీలో దాచి గోల్ దగ్గర పెట్టుకున్నారు. ఆ వరుసలో నిలబడే సెల్టిక్ ఆటగాళ్లు తమ క్లబ్బు పాట అందుకున్నారు. ఇంటర్ వాళ్లు బిత్తరపోయి చూశారు.

ఏడో నిమిషంలోనే ఇంటర్‌కు పెనాల్టీ దొరికింది. మజోలా గోల్ కొట్టాడు. ఇక గోడ కట్టి కూర్చున్నారు. సెల్టిక్ అలలు అలలుగా దాడి చేసింది. బంతి రెండుసార్లు గోల్ పైకర్రకు తగిలి తిరిగొచ్చింది. గోల్‌కీపర్ సార్తీ పడాల్సిన గోల్స్ ఎన్నో ఆపాడు. 63వ నిమిషంలో ఎడమవైపు రక్షణ ఆటగాడు టామీ గెమ్మెల్ ముందుకొచ్చి దూరం నుంచి కొట్టిన దెబ్బకు గోడ కూలింది. 84వ నిమిషంలో మర్డాక్ కొట్టిన బంతిని స్టీవీ చామర్స్ దారి మళ్లించి లోపలికి తోశాడు. అది గుడ్డి అదృష్టం కాదు. అలాంటి బంతులను వాళ్లు శిక్షణలో మళ్లీ మళ్లీ సాధన చేశారు. 2-1. కప్పు అందుకున్న కెప్టెన్ బిల్లీ మెక్‌నీల్, స్టీన్ రెండో జట్టులో నేర్పిన కుర్రాడే. పక్కన రక్షణలో ఆడింది జాన్ క్లార్క్.

హెరేరా దగ్గర నేర్చుకున్నవాడు హెరేరా పద్ధతినే నకలు చేయలేదు. దాని బలమేంటో తెలుసుకుని, దానికి విరుగుడుగా తన పిల్లల స్వభావానికి తగ్గ దాడి ఆటను తయారుచేశారు.

గోడల మీద గొంతెత్తిన మనిషి

స్టీన్ ప్రొటెస్టెంట్ కుటుంబంలో పుట్టారు. వాళ్ల నాన్న సెల్టిక్‌కు బద్ధ ప్రత్యర్థి అయిన రేంజర్స్ అభిమాని. స్టీన్ సెల్టిక్‌లో చేరినప్పుడు పాత స్నేహితులు కొందరు ఆయనతో మాట్లాడడం మానేశారు. ఆ క్లబ్బుకు మేనేజర్ అయిన మొదటి ప్రొటెస్టెంట్ ఆయనే. అప్పట్లో రేంజర్స్ కేథలిక్కులను తీసుకునేది కాదు. సెల్టిక్ మాత్రం ఎవరినైనా తీసుకునేది. లిస్బన్‌లో గెలిచిన జట్టులో రెండు మతాలవాళ్లూ ఉన్నారు.

1971 జనవరి 2న రేంజర్స్ మైదానం ఐబ్రాక్స్‌లో ఈ రెండు జట్ల మ్యాచ్ ముగిసే వేళ మెట్ల మీద తొక్కిసలాట జరిగి 66 మంది చనిపోయారు. స్టీన్ గాయపడినవాళ్లను మోయడంలో చేయి కలిపారు. 1972లో స్టిర్లింగ్‌లో మ్యాచ్ జరుగుతుండగా సెల్టిక్ అభిమానులే ద్వేషం నింపిన పాటలు పాడుతుంటే, ఆయన నేరుగా వాళ్ల మధ్యకు వెళ్లి ఆపమని గద్దించారు. ఎదుటివాళ్లను తిట్టడం తేలిక. మనవాళ్ల ఎదుట నిలబడి ఇది తప్పు అని చెప్పడమే కష్టం.

మన సంఘాల పండుగల్లో, మన సంచికల్లో మనవాళ్ల గొప్ప చెప్పుకోవడం అవసరం. శతాబ్దాలుగా ఎవరూ చెప్పలేదు కాబట్టి మనమే చెప్పుకోవాలి. అయితే సెల్టిక్ చరిత్ర ఇంకో మాట కూడా చెబుతోంది. చిన్నచూపుకు గురైన ఒక సమూహం తన క్లబ్బు పెట్టుకుంది, తన పిల్లలను ఆడించింది, తలుపు మాత్రం మూయలేదు. ఆ తెరిచిన తలుపులోంచి వచ్చినవాడే దాన్ని శిఖరానికి చేర్చాడు. మన తెగ, పక్క తెగ, ఈ గూడెం, ఆ గూడెం అని జట్లను విడదీసుకునే ముందు ఈ సంగతి ఆలోచించాలి.

ఓటములు, చివరి రోజు

గెలుపుల జాబితా పెద్దదే. మేనేజర్‌గా సెల్టిక్‌కు 10 లీగ్‌లు, 8 స్కాటిష్ కప్‌లు, 6 లీగ్ కప్‌లు, ఒక యూరోపియన్ కప్. ఓటములు కూడా ఉన్నాయి. 1970లో యూరోపియన్ కప్ సెమీఫైనల్లో లీడ్స్ యునైటెడ్‌ను హాంప్‌డెన్ మైదానంలో 1,36,505 మంది చూస్తుండగా ఓడించారు. అదే అసలు ఫైనల్ అన్నంత సంబరం జరిగింది. తీరా ఫైనల్లో డచ్ జట్టు ఫెయెనూర్డ్ 2-1తో సెల్టిక్‌ను ఓడించింది. ఎదుటి జట్టును తక్కువగా అంచనా వేసిన ఫలితం అది.

1975 జూలైలో సెలవుల నుంచి తిరిగి వస్తుండగా దారి తప్పి ఎదురొచ్చిన కారు ఆయన కారును గుద్దింది. చావు తప్పింది కానీ ఒక సీజన్ మొత్తం పనికి దూరమయ్యారు. తర్వాత పాత సత్తువ పూర్తిగా రాలేదు. 1978లో సెల్టిక్ ఆయన స్థానంలో మెక్‌నీల్‌ను మేనేజర్‌గా పెట్టి, ఆయనకు వ్యాపార వ్యవహారాలు చూసే పదవి ఇవ్వజూపింది. అంత చేసిన మనిషికి ఆ పని నచ్చలేదు. లీడ్స్ యునైటెడ్‌కు వెళ్లి, 44 రోజుల తర్వాత స్కాట్లాండ్ జాతీయ జట్టు మేనేజర్ అయ్యారు. 1982లో స్పెయిన్‌లో జరిగిన ప్రపంచకప్‌కు జట్టును తీసుకెళ్లారు.

1985 సెప్టెంబర్ 10న కార్డిఫ్‌లో వేల్స్‌తో మ్యాచ్. ఓడిపోతే తర్వాతి ప్రపంచకప్ ఆశ పోయినట్టే. 81వ నిమిషంలో డేవీ కూపర్ పెనాల్టీతో స్కోరు 1-1 అయింది. ఆట ముగిసే వేళ స్టీన్ కుప్పకూలారు. స్టేడియంలోని వైద్యుల గదిలోనే ప్రాణం పోయింది. వయసు 62.

ఆ రోజు ఆయనకు సహాయకుడిగా పక్కన కూర్చున్న యువ మేనేజర్ పేరు అలెక్స్ ఫెర్గూసన్. నౌకలు కట్టే కార్మికుడి కొడుకు. స్టీన్ వదిలిన జట్టును ఆయనే 1986 ప్రపంచకప్‌కు నడిపించారు. తర్వాత మాంచెస్టర్ యునైటెడ్‌లో ఆయన ఎంతటివాడయ్యారో మీకే బాగా తెలుసు.

మనకు మిగిలే పని

ఈ చరిత్రను వరుసగా చూడండి. 28 ఏళ్లదాకా గని కార్మికుడు. 29వ ఏట రెండో జట్టుకు తెచ్చుకున్న ఆటగాడు. 34వ ఏట కుంటుకాలుతో ఆట మానేసినవాడు. 44వ ఏట యూరప్ విజేత. ఈ మెట్లలో ఎక్కడ ఆగిపోయి ఉన్నా ఆయన్ని ఎవరూ తప్పుపట్టేవారు కాదు.

మన గూడేల్లో ఆడే పిల్లలకు కొదవ లేదు. వాగు ఒడ్డున, కోసిన పొలంలో, ఆశ్రమ పాఠశాల మైదానంలో ఎక్కడ చూసినా ఆటే. కొదవ ఉన్నది నేర్పేవాళ్లకు. సెలెక్షన్స్‌లో పేరు రాని ఇరవై ఏళ్ల తమ్ముడో చెల్లెలో ఆ పనికి తయారు కావచ్చు. దానికి దారులున్నాయి. డిగ్రీ తర్వాత బీపీఎడ్ చదివితే వ్యాయామ ఉపాధ్యాయులు కావచ్చు. పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థలో కోచింగ్ డిప్లొమా ఉంది. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య డి లైసెన్స్ వంటి కోర్సులతో మెట్టు మెట్టుగా కోచ్‌లకు శిక్షణ ఇస్తుంది. రిఫరీ కావడమూ ఒక దారే. ఇవేవీ ఆటలో ఓడినవాళ్లకు దొరికే ఓదార్పు బహుమతులు కావు. స్టీన్ ఎక్కిన మెట్లు ఇవే.

పరీక్షల సెలవుల్లో ఊరికి వెళ్లినప్పుడు ఒక పని చేయండి. మీ గూడెంలో పదేళ్లు, పన్నెండేళ్ల పిల్లలను పోగుచేసి, వాళ్ల ఆటను ఒక గంట ఊరికే చూడండి. ఎవరు బంతి రాకముందే కదులుతున్నారు, ఎవరు పక్కవాడికి చోటిస్తున్నారు, ఎవరు తప్పు చోట ఆడుతున్నారు, ఒక నోటుబుక్కులో రాసుకోండి. మరుసటి రోజు ఒక్కరి చోటు మార్చి ఆడించి చూడండి. మీ చుట్టూ ఉన్న 48 కిలోమీటర్లలో ఎంత ఉందో అప్పుడు మీకే తెలుస్తుంది.